టీకాకు ముందు ఒక నెత్తురు బొట్టు

తట్టు గాని, ఆటలమ్మ గాని ఒకసారి పోసి తగ్గిన బిడ్డను గురించి మన ఇళ్ళలో పెద్దవారు నిశ్చింతగా ఉంటారు. "ఇక వాడికి భయం లేదు, ఒకసారి వచ్చి పోయింది గదా" అంటారు. ఈ మాట వట్టి నమ్మకం కాదు. వైద్యశాస్త్రం కూడా చాలవరకు సమ్మతించే సత్యమే. ఒక వ్యాధితో పోరాడి గెలిచిన శరీరం ఆ శత్రువును జ్ఞాపకం పెట్టుకుంటుంది. అది మరల వచ్చినప్పుడు వాకిటనే అడ్డగిస్తుంది. టీకాల శాస్త్రమంతా ఈ జ్ఞాపకశక్తి మీదనే ఆధారపడి ఉన్నది. వ్యాధి రాకముందే, అది వచ్చి పోయినదని శరీరాన్ని నమ్మించడమే టీకా చేసే పని.

అయితే ఈ నియమానికి లొంగని జ్వరం ఒకటున్నది. అది డెంగీ. ఇది ఒకసారి వచ్చినవారు మరల రాదని నిశ్చింతగా ఉండడానికి వీలులేదు. పైగా, రెండవసారి వచ్చినప్పుడే అది ఎక్కువ ప్రమాదకరంగా పరిణమించే అవకాశం ఉన్నది. ఈ విచిత్ర స్వభావం వల్లనే డెంగీ టీకాను కనిపెట్టడం ఎంత కష్టమైనదో, ఆ టీకాను ఎవరికి వేయవలెనో నిర్ణయించడం కూడా అంత కష్టమైనది. బిడ్డకు టీకా వేసే ముందు ఒక నెత్తురు బొట్టును పరీక్షించి, "ఈ బిడ్డకు ఇంతకుముందు డెంగీ సోకినదా, లేదా?" అని తెలుసుకొనవలసిన అవసరం ఎట్లా వచ్చినదో, ఆ పరీక్ష ఎంతవరకు నమ్మదగినదో మనవి చేయడం ఈ ప్రసంగం ఉద్దేశ్యం.

డెంగీని కలిగించే వైరసు ఒక్కటి కాదు. నాలుగు రకాలున్నవి. వీటిని అన్నదమ్ములుగా భావించవచ్చును. రూపురేఖలలో పోలిక ఉన్నది గాని, ఎవరి ప్రవర్తన వారిదే. 1943లో జపానులో రెన్ కిమురా, సుసుము హొట్టా అనే శాస్త్రజ్ఞులు ఈ వైరసును మొదట వేరుచేశారు. ఆ తరువాత అమెరికా శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ సేబిన్ రెండు వేర్వేరు రకాలున్నవని నిరూపించాడు. ఒక రకం జ్వరం పడి లేచినవారికి ఆ రకం నుండి చిరకాలం రక్షణ ఉంటుందనీ, రెండవ రకం నుండి మాత్రం కొద్దికాలమే రక్షణ ఉంటుందనీ ఆయన గమనించాడు. 1956లో ఫిలిప్పీన్స్ దేశపు మనీలా నగరంలో పిల్లలకు తీవ్రమైన జ్వరాలు వచ్చినప్పుడు విలియం హామన్ అనే వైద్యుడు, ఆయన సహచరులు మిగిలిన రెండు రకాలను కనుగొన్నారు.

1960 తరువాత బ్యాంకాక్ నగరంలో పరిశోధన చేసిన స్కాట్ హాల్‌స్టెడ్ ఒక విషయాన్ని గుర్తించాడు. రక్తస్రావమై, నాడి క్షీణించి, ప్రాణాపాయ స్థితికి వచ్చిన పిల్లలలో ఎక్కువమంది రెండవసారి డెంగీ సోకినవారు. క్యూబా దేశపు అనుభవం దీనికి బలమైన సాక్ష్యం. ఆ ద్వీపంలో 1977లో మొదటి రకం డెంగీ ప్రబలి, అంతగా హాని చేయకుండానే పోయింది. 1981లో రెండవ రకం వచ్చింది. ఆ ఒక్క సంవత్సరంలో 3,44,203 మందికి జ్వరం వచ్చినట్లు లెక్కకెక్కింది. 158 మంది మరణించారు. వారిలో 101 మంది పిల్లలు. మొదటి జ్వరాన్ని సునాయాసంగా దాటినవారే రెండవ జ్వరానికి ఎక్కువగా లోబడిపోయారు.

దీనికి కారణమేమిటి? మొదటి జ్వరం తరువాత మన రక్తంలో ప్రతిరక్షకాలు అనే రక్షక పదార్థాలు నిలిచి ఉంటవి. వేరొక రకం డెంగీ ప్రవేశించినప్పుడు ఈ పాత ప్రతిరక్షకాలు దానిని పోల్చుకుంటవి, పోయి పట్టుకుంటవి. కాని పోలిక కొంతే గనుక, పూర్తిగా కట్టివేయలేవు. అట్లా సగం పట్టులో ఉన్న వైరసును మన రక్తంలోని కొన్ని తెల్లకణాలు తమలోనికి మ్రింగుతవి. వైరసు వృద్ధి పొందేది ఆ కణాలలోనే. కావలివాడు దొంగను పట్టుకొని, బంధించే శక్తి లేక, చేయి పట్టుకొని నట్టింటికే తీసుకొని వచ్చినట్లవుతుంది. రెండు రకాలను చవిచూసిన తరువాత శరీరం విస్తృతమైన రక్షణను సంపాదించుకుంటుంది గనుక, మూడవసారి, నాలుగవసారి తీవ్రమైన జబ్బు రావడం అరుదు. ప్రమాదమంతా ప్రధానంగా రెండవసారిలోనే ఉన్నది.

ఇప్పుడు టీకా సంగతికి వద్దాం. నాలుగు రకాల నుండి ఒకేసారి రక్షణ ఇచ్చే టీకా కోసం శాస్త్రజ్ఞులు దశాబ్దాల తరబడి శ్రమించారు. ప్రభుత్వ ఆమోదం పొందిన మొట్టమొదటి డెంగీ టీకా డెంగ్‌వాక్సియా. సనోఫీ పాశ్చర్ సంస్థ తయారుచేసిన ఈ టీకాకు 2015 డిసెంబరులో మెక్సికో మొదట అనుమతి ఇచ్చింది. ఆరు నెలల వ్యవధితో మూడు మోతాదులు వేయవలెను. జనాభాలో నూటికి 70 మందికో, అంతకు మించియో అప్పటికే డెంగీ సోకి ఉన్న ప్రాంతాలలో దీనిని ఉపయోగించే విషయం ఆలోచించవచ్చునని 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది.

అదే సంవత్సరం ఏప్రిల్‌లో ఫిలిప్పీన్స్ ప్రభుత్వం మూడు ప్రాంతాలలోని పాఠశాలలలో, నాలుగవ తరగతి చదివే, తొమ్మిదేండ్లు నిండిన పిల్లలకు ఈ టీకా వేయడం ఆరంభించింది. 8 లక్షలకు పైగా పిల్లలు కనీసం ఒక్క మోతాదైనా తీసుకున్నారు. ఏ బిడ్డకు ఇంతకుముందు డెంగీ సోకినదో, ఏ బిడ్డకు సోకలేదో ఎవరూ పరీక్షించలేదు. ఎన్నడూ డెంగీ సోకని బిడ్డకు ఈ టీకాయే మొదటి జ్వరం వలె పనిచేయవచ్చునని హాల్‌స్టెడ్ వంటివారు 2016లోనే హెచ్చరించారు. ఆ హెచ్చరికకు తగినంత ఆదరణ లభించలేదు.

2017 నవంబరు 29న తయారీ సంస్థయే స్వయంగా ఆ సంగతిని ప్రకటించింది. పూర్వం డెంగీ సోకినవారికి టీకా మేలు చేస్తుంది. సోకనివారికి మాత్రం, తరువాత డెంగీ వచ్చినప్పుడు జబ్బు తీవ్రమయ్యే ప్రమాదాన్ని పెంచుతుంది. రెండు రోజులలో ఫిలిప్పీన్స్ ప్రభుత్వం కార్యక్రమాన్ని నిలిపివేసింది. తరువాత ఆ దేశంలో టీకాకు అనుమతి కూడా రద్దయింది.

ఈ నిజం ఎట్లా తెలిసింది? టీకాను ప్రయోగించిన వేలాది పిల్లలలో మొదటి సూదికి ముందు రక్తం తీసి భద్రపరచినది కొద్దిమంది వద్దనే. తక్కినవారికి పూర్వం డెంగీ సోకినదో లేదో తెలుసుకొనే దారి మూసుకుపోయినట్లు కనిపించింది. ఎందుకంటే, టీకా వేసిన తరువాత అందరి రక్తంలోనూ డెంగీ ప్రతిరక్షకాలు కనిపిస్తవి. అప్పుడు శాస్త్రజ్ఞులకు ఒక ఉపాయం తోచింది. ఈ టీకాను కామెర్ల జ్వరానికి, అనగా ఎల్లో ఫీవరుకు వాడే టీకా వైరసు మీద డెంగీ పైతొడుగు తొడిగి తయారుచేశారు. కాబట్టి దాని లోపలి భాగాలు డెంగీవి కావు. డెంగీ వైరసు శరీరంలో పెరిగేటప్పుడు ఎన్‌ఎస్ 1 అనే మాంసకృత్తును రక్తంలోనికి విడుదల చేస్తుంది. ఈ టీకాలో డెంగీ ఎన్‌ఎస్ 1 లేదు. కనుక టీకా వేసుకున్న బిడ్డ రక్తంలో డెంగీ ఎన్‌ఎస్ 1కు ప్రతిరక్షకాలు ఉంటే, అవి దోమకాటు వల్ల వచ్చినవే గాని సూది వల్ల వచ్చినవి కావు.

మూడవ మోతాదు తరువాత తీసిన రక్తాన్ని ఈ విధంగా పరీక్షించి, వచ్చిన ఫలితాలను 2018లో ప్రచురించారు. 9 నుండి 16 ఏండ్ల పిల్లలను తీసుకుందాం. పూర్వం డెంగీ సోకినవారిలో, టీకా లేని ప్రతి వేయిమందిలో సుమారు 19 మంది అయిదేండ్లలో డెంగీతో ఆసుపత్రి పాలయితే, టీకా పొందిన వేయిమందిలో సుమారు నలుగురే ఆసుపత్రిలో చేరారు. పూర్వం సోకనివారిలో లెక్క తారుమారయింది. టీకా లేని వేయిమందిలో సుమారు 11 మంది చేరితే, టీకా పొందిన వేయిమందిలో 16 మంది చేరారు. మొదటి గుంపులో వేయికి 15 మందిని కాపాడిన మందే, రెండవ గుంపులో వేయికి అయిదుగురిని అదనంగా ఆసుపత్రికి పంపింది.

రెండు గుంపులను కలిపి సగటు తీస్తే టీకా లాభకరమనే తేలుతుంది. కాని తల్లి సూది వేయించేది సగటుకు కాదు, తన బిడ్డకు. జనసంఖ్యలో లాభమున్నదని చెప్పి, హాని కలుగగల బిడ్డకు కూడా తెలియకుండా సూది వేయవచ్చునా అన్న ప్రశ్న ఇక్కడ పుడుతున్నది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ ప్రశ్నకు సమాధానం చెప్పింది. ఈ టీకాను వాడదలచిన దేశాలు ఒక్కొక్కరినీ ముందుగా పరీక్షించి, పూర్వం డెంగీ సోకినట్లు తేలినవారికే వేయడం ఉత్తమమార్గమని సలహా యిచ్చింది. 2019లో అమెరికా కూడా, పూర్వం డెంగీ సోకినదని పరీక్షలో నిర్ధారణ అయిన 9 నుండి 16 ఏండ్ల పిల్లలకు మాత్రమే, అదీ డెంగీ నిత్యం ఉండే ప్రాంతాలలోనే, దీనిని అనుమతించింది.

పరీక్ష చేయవలెననడం సులభమే. పాఠశాల వరండాలో, గ్రామ ఆరోగ్య కేంద్రంలో చేయడమెట్లా? పెద్ద ప్రయోగశాలలకు రక్తం పంపితే ఫలితం రావడానికి రోజులు పడుతుంది. ఒకసారి వచ్చిన తల్లి మరల వస్తుందో రాదో తెలియదు. అందుచేత అక్కడికక్కడే ఫలితం చూపే శీఘ్ర పరీక్ష కావలసి వచ్చింది.

ఈ శీఘ్ర పరీక్ష స్వరూపం మీకు కొత్తది కాదు. గర్భనిర్ధారణకు వాడే పట్టీని, కరోనా కాలంలో ఇంటింటా కనిపించిన పట్టీని చూచినవారు దీనిని సులభంగా ఊహించుకొనవచ్చును. వ్రేలి నుండి తీసిన నెత్తురు బొట్టును పట్టీ ఒక కొసన వేసి, దానిమీద కొన్ని చుక్కల ద్రవం పోస్తారు. దీపపు వత్తి నూనెను పీల్చినట్లు పట్టీ ఆ ద్రవాన్ని పీలుస్తుంది. దారిలో అతి సూక్ష్మమైన బంగారు కణాలు దానిలో కలుస్తవి. అంత చిన్న పరిమాణంలో బంగారం పచ్చగా గాక ఎర్రగా కనిపిస్తుంది. రక్తంలో డెంగీ ప్రతిరక్షకాలుంటే అవి ఈ కణాలతో జతగూడి ఒక గీత వద్ద చిక్కుకుంటవి. అక్కడ ఎర్రని చార తేలుతుంది. దాని ప్రక్కన మరొక చార, పట్టీ సరిగా పనిచేసినదని తెలుపుతుంది. ఆ రెండవ చార రాకపోతే పరీక్ష చెల్లదు. మొత్తం పని పావుగంట, ఇరవై నిమిషాలలో ముగుస్తుంది.

ఇక్కడ ఒక తేడాను గ్రహించవలెను. జ్వరం వచ్చినప్పుడు ఆసుపత్రిలో చేసే డెంగీ పరీక్ష వేరు, టీకాకు ముందు చేసే పరీక్ష వేరు. జ్వరం తొలి రోజులలో ఎన్‌ఎస్ 1 కోసం వెదుకుతారు. నాలుగైదు రోజుల తరువాత ఐజీఎం అనే ప్రతిరక్షకాలు పుట్టి, కొద్ది నెలలలో అణగిపోతవి. ఐజీజీ అనేవి మాత్రం ఏండ్ల తరబడి నిలుస్తవి. ఎప్పుడో సోకిన డెంగీకి సాక్ష్యం చెప్పగలిగినవి ఇవే. జ్వరసమయంలో వాడే చాలా పట్టీలలో ఐజీజీ చార, ప్రతిరక్షకాలు చాలా ఎక్కువగా ఉన్నప్పుడే కనిపించేటట్లు అమర్చబడి ఉంటుంది. అయిదేండ్ల క్రిందటి డెంగీ మిగిల్చిన స్వల్పమైన గుర్తును ఆ పట్టీ చూపలేకపోవచ్చును. జ్వరానికి వాడే పట్టీనే తెచ్చి టీకాకు వాడడానికి వీలుపడకపోవడానికి కారణం ఇదే.

ఇక పరీక్షలో పొరపాట్లు రెండు విధాలు. సోకినవానిని సోకలేదనడం ఒకటి. సోకనివానిని సోకినదనడం రెండవది. మొదటి పొరపాటు వల్ల ఒక బిడ్డకు టీకా లాభం దక్కదు. రెండవ పొరపాటు వల్ల ఒక బిడ్డకు హాని కలుగవచ్చును. కాబట్టి రెండవదానినే ఎక్కువగా నివారించవలెను. 2021లో అమెరికా నిపుణులు ఈ దృష్టితోనే నియమం పెట్టారు. సోకినవారిని నూటికి 75 మందినైనా గుర్తించగలిగితే చాలును. సోకనివారిని మాత్రం నూటికి 98 మందిని సరిగా విడదీయవలెను.

ఈ అంకెలను లెక్కలో పెట్టి చూద్దాం. ఒక ఊరిలో వేయిమంది పిల్లలున్నారనీ, వారిలో 600 మందికి పూర్వం డెంగీ సోకినదనీ అనుకుందాం. పరీక్ష 450 మందిని గుర్తిస్తుంది. 150 మందిని వదలివేస్తుంది. సోకని 400 మందిలో ఎనిమిదిమందికి తప్పుగా చార చూపుతుంది. టీకాకు అర్హులని తేలిన 458 మందిలో తప్పు ఎనిమిది మాత్రమే. అదే పరీక్షను, వేయిమందిలో 50 మందికే డెంగీ సోకిన మరొక ఊరికి తీసుకొని వెళదాం. అక్కడ సోకినవారిలో 37, 38 మంది బయటపడతారు. సోకని 950 మందిలో 19 మందికి తప్పు చార వస్తుంది. అంటే అర్హులలో మూడవవంతు తప్పే. పరీక్ష మారలేదు, పట్టీ మారలేదు, ఊరు మారింది. డెంగీ ఎక్కువగా ఉన్న చోట నమ్మదగిన పరీక్షయే, అది తక్కువగా ఉన్న చోట నమ్మరానిది అవుతున్నది.

మరొక చిక్కు కూడా ఉన్నది. డెంగీకి దాయాదులైన వైరసులు లోకంలో చాలా ఉన్నవి. మెదడువాపు వ్యాధిని కలిగించే జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వైరసు, జికా వైరసు ఆ కుటుంబంలోనివే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో మెదడువాపు భయం ఉన్న జిల్లాల పిల్లలకు ఆ వ్యాధికి టీకా వేస్తున్నారు. అటువంటి ప్రతిరక్షకాలను చూచి పట్టీ పొరబడే అవకాశం ఉన్నది. అందువల్ల ఏ పరీక్షనైనా మన పిల్లల రక్తం మీద సరిచూచుకున్న తరువాతనే ఇక్కడ వాడవలసి ఉంటుంది.

మన దేశంలో డెంగీ ఎంతమందికి సోకినదో తెలుసుకొనడానికి భారత వైద్య పరిశోధన మండలి 2017, 2018 సంవత్సరాలలో 15 రాష్ట్రాలలో 12,300 మంది రక్తాన్ని పరీక్షించింది. మొత్తం మీద నూటికి 48.7 మందిలో పూర్వపు డెంగీ గుర్తులు కనిపించినవి. 5 నుండి 8 ఏండ్ల పిల్లలలో అది 28.3, 9 నుండి 17 ఏండ్లవారిలో 41. దక్షిణాదిన అన్ని వయస్సులవారిలో కలిపి 76.9 వరకు ఉన్నది. ఈ అంకెలలో అనేకులు తమకు ఎన్నడూ డెంగీ రాలేదనే చెబుతారు. అది అబద్ధం కాదు. డెంగీ సోకిన నలుగురిలో సుమారు ముగ్గురికి చెప్పుకోదగిన జబ్బే చేయదు. జ్ఞాపకాన్ని అడిగితే తెలియని సంగతి నెత్తురును అడిగితేనే తెలుస్తుంది.

పరీక్ష పెట్టడం వల్ల టీకా అందడం కష్టమైనదన్న మాట కూడా నిజమే. రెండు సూదులు, అదనపు ఖర్చు, వేచి ఉండవలసిన శ్రమ. డెంగ్‌వాక్సియాకు చివరకు తగినంత గిరాకీ లేక, తయారీ నిలిపివేస్తున్నట్లు సంస్థ ప్రకటించింది. ఈలోగా వేరు టీకాలు వచ్చినవి. జపాను దేశపు టకెడా సంస్థ తయారుచేసిన క్యూడెంగాను 2022లో ఇండోనేషియా మొదట ఆమోదించింది. డెంగీ తీవ్రంగా ఉన్న ప్రాంతాలలో 6 నుండి 16 ఏండ్ల పిల్లలకు దీనిని, ముందు పరీక్ష లేకుండానే ఇవ్వవచ్చునని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా యిచ్చింది. ఈ టీకా తయారీకి 2024లో హైదరాబాదులోని బయొలాజికల్ ఇ సంస్థ టకెడాతో ఒప్పందం చేసుకున్నది. అదే సంవత్సరం ఆగస్టులో పనాసియా బయోటెక్, భారత వైద్య పరిశోధన మండలి కలిసి ఒకే మోతాదు టీకాకు మన దేశంలో మూడవ దశ ప్రయోగాలను ఆరంభించినవి.

అయితే పరీక్ష అవసరం తీరిపోయినదని అనుకొనరాదు. పూర్వం డెంగీ సోకనివారికి క్యూడెంగా మూడవ, నాలుగవ రకాల నుండి రక్షణ ఇస్తుందని ప్రయోగాలలో రుజువు కాలేదు. పైగా దీనిని డెంగీ రెండవ రకం వైరసు మీదనే నిర్మించారు. కాబట్టి ఎన్‌ఎస్ 1 ఉపాయం ఇక్కడ పనికిరాదు. సూది తరువాత వెనుకకు తిరిగి చూడలేము. టీకా నిజస్వరూపం ఏండ్లు గడచిన తరువాత తెలియవలెనంటే, ప్రయోగ సమయంలో మొదటి సూదికి ముందే నెత్తురు బొట్టు తీసి, ఫలితం వ్రాసి ఉంచవలసినదే.

ఫిలిప్పీన్స్‌లో జరిగిన నష్టం డెంగీతో ఆగలేదు. టీకాలు ముఖ్యమైనవని గట్టిగా నమ్మేవారు ఆ దేశంలో 2015లో నూటికి 93 మంది ఉండగా, 2018లో 32 మందే మిగిలారని ఒక పరిశీలనలో తేలింది. 2019లో అక్కడ తట్టు ప్రబలింది. పోయినదనుకున్న పోలియో కూడా తిరిగి వచ్చింది. వీటికి వేరు కారణాలు లేకపోలేదు. అయినా, ఒక టీకా విషయంలో ముందుగా చెప్పవలసిన మాట చెప్పకపోతే, మంచి టీకాల మీద కూడా జనానికి విశ్వాసం పోతుందన్నది స్పష్టం.

మన గృహస్థులు చేయవలసిన పని ఒకటి రెండున్నవి. ఇంటిలో ఎవరికైనా డెంగీ వచ్చి తగ్గితే, పరీక్ష కాగితాన్ని పారవేయకండి. ఎన్‌ఎస్ 1 ఫలితమున్న కాగితం రేపు టీకా వేసే వైద్యునికి విలువైన సాక్ష్యం. ప్లేట్‌లెట్లు తగ్గినవన్న కాగితం మాత్రం చాలదు. అవి వేరు జ్వరాలలో కూడా తగ్గుతవి. మీ బిడ్డకు డెంగీ టీకా వేస్తామని ఎవరైనా అన్నప్పుడు, "ఇది ఏ టీకా? పూర్వం డెంగీ సోకనివారికి కూడా ఇది క్షేమమేనా?" అని అడగండి. అడగడం అవిశ్వాసం కాదు. సరియైన సమాధానం చెప్పగలిగిన వైద్యుడు ఆ ప్రశ్నకు సంతోషిస్తాడు. తక్కిన టీకాలను ఈ కారణంగా మానవద్దు. వాటికి ఈ చిక్కు లేదు.

పరీక్షలో చార రాని బిడ్డ దురదృష్టవంతుడు కాడు. ఆ బిడ్డను దోమ ఇంకా పట్టలేదని అర్థం. ఆ దోమ మురుగునీటిలో కాక మన ఇంటి తొట్టిలో, కూలరు అడుగున, పెరటిలో పడవేసిన టైరులో, కొబ్బరిచిప్పలో నిలిచిన నీటిలో పెరుగుతుంది. పగటివేళ కుడుతుంది. వారానికి ఒకనాడు ఆ నీటిని పారబోసి, తొట్టిని తోమి ఆరబెట్టడానికి ఏ పరీక్షా అక్కరలేదు. పూర్వం డెంగీ సోకినవారికీ, సోకనివారికీ సమానంగా మేలు చేసే పని అది.